ఓల్డ్ మాస్టర్ల రూపచిత్రాల కాన్వాస్ ప్రింట్లు: ఆర్డరు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. చదువుకునే గదిలో ఒక గోడ మీద లియొనార్డో ‘మోనాలిసా’, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ ‘ముత్యపు చెవిపోగు అమ్మాయి’, మరో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ యువకుడిగా ఉన్నప్పుడు వేసుకున్న స్వీయచిత్రం, ఈ మూడింటినీ కాన్వాస్ ప్రింట్లుగా వేయించి పెట్టుకోవాలని మీ ఆలోచన. ఒక విక్రేత మూడింటినీ 24 × 36 అంగుళాల కొలతలో, ఒకే రకం బంగారు రంగు ఫ్రేముల్లో, ‘మ్యూజియం క్వాలిటీ’ అని చెప్పి ఒక సెట్టుగా ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా, తీసుకుంటే ఏమేమి అడగాలి అన్నది మీ సందేహం. రెంబ్రాంట్ చిత్రం మరీ చిన్నదైపోతుందేమోనన్న బెంగ, చేత్తో వేసిన నకలు ఎలా ఉంటుందన్న ప్రశ్న కూడా ఉన్నాయి. ప్రింటింగు, ఫ్రేమింగు పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా చెబుతున్నాను: మీరు ఎంచుకున్న చిత్రాలు మంచివే, ఆ సెట్టు మాత్రం తీసుకోకండి. ఓల్డ్ మాస్టర్ల, అంటే పాతకాలపు యూరప్ మహాచిత్రకారుల, రూపచిత్రం (పోర్ట్రెయిట్) ప్రింటులో నిలబడుతుందా లేదా అన్నది ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి అసలు చిత్రం కొలత, రెండోది దానిలోని చీకటి భాగాలు. మీకు చూపించిన సెట్టులో ఈ రెండింటినీ పట్టించుకున్న జాడ లేదు.

ముందుగా కొలత సంగతి చూద్దాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53 సెంటీమీటర్లు. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న వెర్మీర్ అమ్మాయి 44.5 × 39 సెంటీమీటర్లు. రెంబ్రాంట్ సుమారు 1628లో, ఇరవై రెండేళ్ల వయసులో వేసుకున్న స్వీయచిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది; దాని కొలత 22.6 × 18.7 సెంటీమీటర్లు, అంటే బడిపిల్లల నోటుపుస్తకం అట్టంత. విక్రేత చెప్పిన 36 అంగుళాల ఎత్తు 91 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ లెక్కన మోనాలిసా కాస్త పెద్దదవుతుంది, పరవాలేదు. వెర్మీర్ అమ్మాయి ఎత్తులో రెట్టింపు దాటుతుంది. రెంబ్రాంట్ నాలుగు రెట్లవుతాడు. అరచేతి దూరంలో పెట్టుకుని చూడవలసిన చిత్రాన్ని నాలుగు రెట్లు పెంచితే, అతను కుంచెతో చేసిన చిన్న చిన్న పనులన్నీ గీతలుగా, మరకలుగా తేలిపోతాయి.

కొలత పెరగడంతోనే నష్టం ఆగిపోదు, చిత్రం అంచులు కూడా తెగిపోతాయి. 24 × 36 అంటే వెడల్పుకు ఎత్తు ఒకటిన్నర రెట్లు. మోనాలిసా నిష్పత్తి దానికి దగ్గరగానే ఉంది కనుక పెద్దగా పోయేదేమీ లేదు. వెర్మీర్ చిత్రం దాదాపు చతురస్రం. దాన్ని ఆ కొలతలో ఇరికించాలంటే 39 సెంటీమీటర్ల వెడల్పులో తొమ్మిది సెంటీమీటర్లకు పైగా, అంటే దాదాపు నాలుగో వంతు, కోసివేయాలి. ఆ అమ్మాయి చుట్టూ ఉన్న ఖాళీ చీకటిలో నుంచే ఆమె మనవైపు తిరిగినట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీ పోతే మిగిలేది గుర్తింపు కార్డు ఫొటో లాంటి ముఖం. రెంబ్రాంట్ చిత్రంలో కూడా వెడల్పులో ఐదో వంతు పోతుంది. కోయకుండా అదే కొలతలో ఇస్తామని ఎవరైనా అంటే వారు చిత్రాన్ని నిలువుగా సాగదీస్తున్నారని అర్థం. అది ఇంకా అన్యాయం. రెడీమేడ్ కొలతలు విక్రేత దగ్గరున్న ఫ్రేముల సౌకర్యం కోసం పుట్టినవి తప్ప చిత్రాల కోసం పుట్టినవి కావు. ఆర్డరు ఇచ్చేటప్పుడు చిత్రం నిష్పత్తిని బట్టి కాన్వాస్‌ను ఆ చిత్రానికే తగిన (కస్టమ్) కొలతలో చట్రానికి బిగిస్తారా అని అడగండి. కుదరదంటే అక్కడే ఆపేయండి.

ఎంత పెద్దది వేయించాలో తేల్చుకోవడానికి నేను వాడే కొలమానం ముఖమే. ఆ కాలపు చిత్రకారులు రూపచిత్రాల్లో తలను ఎక్కువగా మనిషి తల పరిమాణంలో గానీ అంతకంటే కొంచెం తక్కువలో గానీ వేసేవారు. గోడ మీద ముఖం నిజమైన మనిషి ముఖం కంటే పెద్దదైతే చూసేవాడికి ఎదుట ఒక మనిషి ఉన్నాడన్న భావన పోయి, హోర్డింగు చూస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి అసలు కొలతకు సమానంగా వేయించడం ఉత్తమం. గది పెద్దదై, దూరం నుంచి చూడక తప్పకపోతే ఐదో వంతు వరకు పెంచుకోవచ్చు. గోడకు పెద్ద చిత్రమే కావాలనుకుంటే అసలే పెద్దగా ఉన్న రూపచిత్రాన్ని ఎంచుకోండి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని వెలాస్కెజ్ ‘హువాన్ దె పరేహా’ 1650లో వేసినది, 81.3 × 69.9 సెంటీమీటర్లు. లండన్ వాలెస్ కలెక్షన్‌లోని ఫ్రాన్స్ హాల్స్ ‘నవ్వుతున్న కావలీర్’ 1624 నాటిది, 83 × 67.3. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని రెంబ్రాంట్ 1659 స్వీయచిత్రం 84.5 × 66. ఇవి మూడూ కాన్వాస్ మీద వేసినవే కావడం మరో మేలు.

ఆ మేలు ఏమిటంటే, మీ మూడింటిలో అసలు కాన్వాస్ మీద వేసినది వెర్మీర్ చిత్రం ఒక్కటే. మోనాలిసాను లియొనార్డో పాప్లర్ చెక్క మీద వేశాడు, రెంబ్రాంట్ చిన్న చిత్రం ఓక్ చెక్క మీద ఉంది. చెక్క పలక మీద సున్నితంగా రుద్దిన తెల్లటి పూత పైన వేసిన రంగుకు నేత గీతలు ఉండవు. మోనాలిసా పెదవుల మూలల దగ్గర వెలుగు ఎక్కడ ముగిసి నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేనంత మెల్లగా కలిసిపోతుంది; అదే ఆ చిత్రానికి ప్రాణం. దాన్ని ముతక నేత కాన్వాస్ మీద ప్రింటు చేస్తే ప్రతి దారపు ముడి మీదా ఒక వెలుగు చుక్క, పక్కనే ఒక నీడ చుక్క పడి ఆ మెల్లని మార్పు ముక్కలవుతుంది. అసలు చిత్రం ఉపరితలం మీది సన్నని పగుళ్లు కూడా ఫొటోలో ఉంటాయి కనుక ఆ పగుళ్ల మీద నేత పడి ముఖం అంతా గరుకుగా కనిపిస్తుంది. కాన్వాస్ అంటే తైలవర్ణ చిత్రమే అన్న అభిప్రాయాన్ని అమ్మేవారు బాగా వాడుకుంటున్నారు గానీ, పదిహేనో శతాబ్దంలోనూ, పదహారో శతాబ్దం తొలినాళ్లలోనూ వచ్చిన రూపచిత్రాల్లో ఎక్కువ భాగం చెక్క మీదివే. నా సలహా, మోనాలిసాను, రెంబ్రాంట్‌ను నున్నని, మెరుపు లేని (మాట్) కాటన్ పేపరు మీద ప్రింటు వేయించి, గట్టి బోర్డుకు అతికించి, ఫ్రేము కట్టించండి. కాన్వాసే కావాలని పట్టుదల ఉంటే దొరికినంతలో అతి సన్నని నేత ఉన్నదాన్ని అడగండి. వెర్మీర్‌కు కాన్వాస్ నిశ్చింతగా వాడవచ్చు.

ఇక చీకటి సంగతి. ప్రింటు షాపుల్లో ప్రకృతి దృశ్యాలు, పూలు, పెళ్లి ఫొటోలు వేసేవారికి అలవాటైన పద్ధతిలో ఓల్డ్ మాస్టర్ల రూపచిత్రం వేస్తే తొంభై పాళ్లు అది నల్లగా తేలుతుంది. ఈ చిత్రాల్లో సగానికి పైగా ముదురు గోధుమ, నలుపు, వాటి మధ్య ఉన్న పలుచని తేడాలే. తెర తానే వెలుగునిస్తుంది కాబట్టి ఆ తేడాలు తెర మీద కనిపిస్తాయి. ప్రింటు మాత్రం గదిలో తన మీద పడిన వెలుగును తిప్పి పంపడమే చేయగలదు. పైగా మాట్ కాన్వాస్ తన మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది కనుక అందులో నలుపు నిండుగా రాక బూడిద రంగులో పేలవంగా ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి ఆపరేటరు కాంట్రాస్ట్ పెంచుతాడు. వెంటనే ముదురు రంగులన్నీ కలిసి ఒకే నల్ల ముద్దగా మారిపోతాయి.

మీరు ఎంచుకున్న రెంబ్రాంట్ చిత్రం దీనికి కఠిన పరీక్ష. అందులో వెలుగు ఒక చెంప మీద, మెడ మీద, చెవి తమ్మె మీద పడుతుంది. ముఖంలో మిగిలినదంతా నీడే. మొదట చూసినప్పుడు కళ్లున్న చోట రెండు చీకటి గుంటలే కనిపిస్తాయి. కొంచెంసేపు చూస్తూ ఉంటే ఆ చీకటిలో నుంచి రెండు కళ్లు తేరుకుని మనల్నే గమనిస్తున్నాయని తెలుస్తుంది. అలా ఆలస్యంగా కనిపించాలనే ఆ కుర్ర చిత్రకారుడు అలా వేశాడు. జుట్టు ఉంగరాలను అతను రంగు తడిగా ఉండగానే కుంచె పిడి కొనతో గీకాడు. గీకిన చోట కింది పూత బయటపడి సన్నని వెలుగు పోగుల్లా మెరుస్తాయి. చెడ్డ ప్రింటులో కళ్లు పూర్తిగా పోతాయి, జుట్టు ఒక నల్ల టోపీలా మారుతుంది. భయపడి మొత్తం చిత్రాన్ని తేలిక చేసిన ప్రింటులో కళ్లు వెంటనే కనిపించేస్తాయి. అదీ తప్పే, ఎందుకంటే చెంప మీద వెలుగుకు ఉన్న బలం పోతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఆ కాన్వాస్ లేదా పేపరు మీద ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే రంగుల ప్రొఫైల్‌తో, ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే ముందుగా (సాఫ్ట్ ప్రూఫ్) చూసి, వెలుగు భాగాలను ముట్టుకోకుండా అడుగు నీడలను మాత్రమే కాస్త పైకి తీయడం. ఈ మాట చెప్పినప్పుడు ఆపరేటరు మీ ముఖం వైపు అయోమయంగా చూస్తే అతనికి పెళ్లి ఆల్బములు అప్పగించి, చిత్రం మరొకరికి ఇవ్వండి.

పూర్తి ప్రింటుకు ముందు తప్పనిసరిగా ఒక టెస్ట్ ప్రింటు అడగండి. చిత్రం మొత్తాన్ని చిన్నదిగా వేసి చూపించే ప్రింటుతో ఏమీ తెలియదు. కావలసిన కొలతలోనే, కావలసిన కాన్వాస్ మీదే, వేయబోయే వార్నిష్ కూడా వేసి, అతి చీకటిగా ఉన్న భాగమూ దాని పక్కన వెలుగు ఉన్న భాగమూ కలిసి వచ్చేలా ఒక ముక్క వేయమనండి. రెంబ్రాంట్‌లో అయితే కళ్లు, చెంప కలిసిన భాగం. ఆ ముక్కను షాపు ట్యూబులైటు కింద చూసి సరేననకండి. ఇంటికి తెచ్చి, చిత్రం పెట్టబోయే గోడకే అంటించి, పగలు ఒకసారి, రాత్రి దీపం వెలుగులో ఒకసారి చూడండి. ఒక వెలుగులో సరిగ్గా ఉన్న గోధుమ రంగు మరో వెలుగులో ఆకుపచ్చగానో ఎర్రగానో తిరగడం ఈ ప్రింట్లలో మామూలే.

వెర్మీర్ చిత్రంలో చూసుకోవలసినవి వేరు. ఆ ముత్యాన్ని దగ్గరగా చూస్తే దానికి గీసిన అంచు లేదు, చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. పైన ఎడమవైపు ఒక దట్టమైన తెల్లని చుక్క, కింద తెల్ల కాలరు ప్రతిబింబం పడినట్టు ఒక మెత్తని పూత, అంతే. మిగతా ముత్యాన్ని మన కళ్లే పూరిస్తాయి. ప్రింటులో షార్ప్‌నెస్ పెంచితే ఆ చుక్కల చుట్టూ గీత ఏర్పడి ముత్యం గాజు గోళీలా తయారవుతుంది. పెదవుల మూల దగ్గర ఉన్న చిన్న లేత గులాబీ చుక్క మాయమైందా అన్నది నేను వెతికే రెండో గుర్తు. తలపాగా నీలం లాపిస్ లాజులీ రాయి నుంచి తీసిన అల్ట్రామెరీన్ అనే రంగు. ప్రింట్లలో అది ఊదా వైపు జారడం చాలా సాధారణం. ఇక నేపథ్యం చూడటానికి నల్లగా ఉన్నా నిజానికి అది నలుపు కాదు. 2018లో మొదలై 2020లో ఫలితాలు వెల్లడైన మౌరిట్స్‌హౌస్ పరిశోధనలో అక్కడ ఒకప్పుడు ఆకుపచ్చ తెర ఉండేదని, ఆ పలుచని రంగు కాలక్రమంలో మారిపోయిందని తేలింది. చాలామంది విక్రేతలు ఆ నేపథ్యాన్ని కంప్యూటరులో పూర్తి నలుపుతో నింపేస్తారు. అలా నింపిన ప్రింటులో అమ్మాయిని కత్తిరించి నల్ల కాగితం మీద అంటించినట్టు ఉంటుంది. భుజం, నేపథ్యం కలిసే అంచు దగ్గర చూస్తే ఆ మోసం ఇట్టే పట్టుబడుతుంది.

ఫైలు ఎక్కడిది అన్నది వీటన్నిటికీ మూలం. ఒకే చిత్రానికి ఇంటర్నెట్‌లో పసుపు, ఎరుపు, నీలం ఛాయల్లో డజన్ల కొద్దీ రూపాలు తిరుగుతుంటాయి. వెర్మీర్ ‘పాలు పోసే పనిమనిషి’ విషయంలో రైక్స్ మ్యూజియానికి ఈ ఇబ్బంది ఎంత దూరం వచ్చిందంటే, పసుపుపచ్చని నకళ్లు చూసి అలవాటైన సందర్శకులు మ్యూజియం దుకాణంలోని సరైన రంగుల పోస్టుకార్డులనే నమ్మలేకపోయారు. ముత్యపు చెవిపోగు అమ్మాయికి 1994లో పాత వార్నిష్ తీసి మరమ్మతు చేశారు. అంతకు ముందు తీసిన ఫొటోలు ఇంకా వాడుకలో ఉన్నాయి, వాటిలో ఆమె చర్మం పసుపుపచ్చగా, మొద్దుగా ఉంటుంది. మోనాలిసా విషయం దీనికి భిన్నం. దాని మీది వార్నిష్ పాతబడి పసుపు తిరిగి ఉంది, లూవ్ర్ దాన్ని తొలగించలేదు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో లియొనార్డో కార్యశాలలోనే తయారైన ఒక నకలు ఉంది. దాని నేపథ్యాన్ని కప్పేసిన నల్ల రంగును తొలగించాక, 2012లో ప్రజలకు చూపించినప్పుడు, కనుబొమ్మలు, దుస్తుల ఎర్రటి చేతులు, నీలి కొండలు అన్నీ తేటగా కనిపించాయి. దాన్ని చూసి కొందరు మోనాలిసాను కూడా కంప్యూటరులో అలా ‘శుభ్రం’ చేసి అమ్ముతున్నారు. అది ఊహ మాత్రమే. మోనాలిసా కావాలంటే ఇప్పుడున్న పసుపుతోనే వేయించుకోండి. తేట రంగులే నచ్చితే ప్రాడో చిత్రాన్నే వేయించుకుని దాని పేరుతోనే పెట్టుకోండి. నిజం చెప్పాలంటే ప్రింటులో అదే బాగా వస్తుంది.

మ్యూజియం సొంత వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఫైలుకు సాటి లేదు. రైక్స్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ 2012 నుంచి, మెట్రొపాలిటన్ 2017 నుంచి, కాపీరైటు లేని తమ చిత్రాల పెద్ద ఫైళ్లను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇస్తున్నాయి. కాబట్టి ఫైలు మీరే దించి షాపుకు ఇవ్వవచ్చు. హక్కుల గురించి ఒక్క మాట: ఈ చిత్రకారులు పోయి మూడు వందల ఏళ్లకు పైనే అయింది, చిత్రాలకు కాపీరైటు లేదు. చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టు తీసిన ఫొటోకు కొత్తగా కాపీరైటు పుట్టదని అమెరికాలో 1999 నాటి కోర్టు తీర్పు, యూరోపియన్ యూనియన్‌లో 2019 నాటి ఆదేశం చెబుతున్నాయి. అయినా ప్రతి మ్యూజియానికీ తన వెబ్‌సైట్ నిబంధనలు ఉంటాయి కనుక, అమ్మకానికి వేసేవారు వాటిని చదువుకోవాలి. ఇంట్లో పెట్టుకునే మీకు అది సమస్య కాదు.

పిక్సెళ్ల లెక్క తేలికే. కాన్వాస్ ప్రింటుకు అంగుళానికి 150 పిక్సెళ్లు కనీసం, నున్నని పేపరుకు 300 ఉంటే మంచిది. వెర్మీర్ అమ్మాయి అసలు కొలతలో సుమారు 17.5 × 15.4 అంగుళాలు, 150 లెక్కన 2630 × 2300 పిక్సెళ్లు చాలు, 300 లెక్కన 5260 × 4610 కావాలి. మ్యూజియం ఫైళ్లలో ఇది సులువుగా దొరుకుతుంది. అసలు కొలతకు కట్టుబడితే ఇలాంటి చిక్కులు సగం తీరిపోతాయి. విక్రేత చిన్న ఫైలును ఏఐతో పెంచి వేస్తున్నాడా అన్నది కూడా కనిపెట్టవచ్చు. పెంచిన ఫైలులో చర్మం మైనంలా నునుపెక్కుతుంది, పగుళ్లు కొన్ని చోట్ల మాయమై కొన్ని చోట్ల జుట్టులా మారతాయి, కంటిపాపలో వెలుగు చుక్క అసలు లేని ఆకారంలో వస్తుంది. దృశ్య చిత్రంలో ఒక ఆకు అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. ముఖంలో కంటి రెప్ప గీత వెంట్రుకవాసి మారితే మనిషే మారిపోతాడు.

‘మ్యూజియం క్వాలిటీ’, ‘ఆర్కైవల్’, ‘జిక్లే’ అన్న మాటలను పక్కన పెట్టండి. జిక్లే అన్నది 1990ల మొదట్లో ఇంక్‌జెట్ కళాప్రింట్లకు పెట్టుకున్న గౌరవనామం, ఇప్పుడు ఎవరైనా దేనికైనా వాడుతున్నారు. విక్రేతను అడగవలసిన ప్రశ్నలు సూటిగా ఉండాలి. సిరా పిగ్మెంట్‌దా (మెత్తని పొడి రంగు), డైదా (కరిగే రంగు)? పిగ్మెంట్ సిరా వెలుగుకు ఎక్కువ కాలం తట్టుకుంటుంది. కాన్వాస్ కాటనా, పాలీ కాటనా, అందులో తెల్లదనం కోసం కలిపే బ్రైట్‌నర్లు ఉన్నాయా? అవి ఉన్న కాన్వాస్ మొదట్లో నీలంగా మెరిసి, కొన్నేళ్లకు పసుపు తిరుగుతుంది. డచ్చి చిత్రాల్లోని తెల్ల కాలర్లకు ఆ నీలపు తెలుపు అసలు నప్పదు, ఎందుకంటే సీసపు తెలుపును నూనెలో కలిపి వేసిన ఆ రంగుకు సహజంగా ఒక వెచ్చదనం ఉంటుంది. పైన వార్నిష్ వేస్తారా, వేస్తే ప్రింటు కనీసం ఒక రోజు ఆరాకే వేస్తారా? మాట్, బాగా మెరిసే గ్లాసీ రెండూ కాకుండా, వాటికి మధ్యస్థంగా ఉండే సాటిన్ వార్నిష్ అడగండి. అది నలుపుకు లోతు తెస్తుంది, ఎదుటి కిటికీని అద్దంలా చూపించదు.

అదనపు రుసుముతో ‘బ్రష్ స్ట్రోక్ ఫినిష్’ అని ఒకటి చూపిస్తారు, ప్రింటు మీద పారదర్శకమైన జెల్‌ను కుంచెతో పూస్తారు. ఆ కుంచె గీతలు రెంబ్రాంట్ గీతలతో కలవవు. రంగు ఒక దిక్కుకు పోతుంటే జెల్ ఇంకో దిక్కుకు పోతుంది, పక్క నుంచి వెలుగు పడినప్పుడు ముఖం మీద గోడకు సున్నం వేసిన చారలు కనిపిస్తాయి. దయచేసి వద్దనండి. లిమిటెడ్ ఎడిషన్ నంబరు, ప్రామాణికత పత్రం కూడా ఈ చిత్రాలకు అర్థం లేనివే. అదే ఫైలును రేపు మరొకరు ఎన్నయినా వేసుకోవచ్చు.

కాన్వాస్‌ను బిగించే లోపలి చెక్క చట్రం గురించి రెండు మాటలు చాలు. మూలల్లో మేకులు కొట్టి బిగించేసిన చట్రం కంటే, మూలల్లో చిన్న చెక్క చీలలు కొట్టి తర్వాత మళ్లీ బిగువు చేసుకోగలిగే స్ట్రెచర్ బార్లు మేలు, ఎందుకంటే గాలిలో తేమ మారినప్పుడల్లా కాన్వాస్ వదులవుతూ ఉంటుంది. బయటి ఫ్రేము అంచు చిత్రాన్ని చుట్టూ ఐదారు మిల్లీమీటర్లు కప్పుతుంది. పెద్ద చిత్రంలో ఇది లెక్కలోకి రాదు గానీ, 22.6 సెంటీమీటర్ల రెంబ్రాంట్‌లో పైనా కిందా కలిపి సెంటీమీటరుకు పైగా పోతుంది. చిత్రం చుట్టూ అదే రంగులో కొంత అదనపు అంచు కలిపి ప్రింటు వేయమనండి, ఫ్రేము ఆ అంచునే కప్పుతుంది.

ఫ్రేముల విషయానికి వస్తే, మూడింటికీ ఒకే బంగారు చట్రం పెట్టడం నాకు బొత్తిగా నచ్చని పని. పదిహేడో శతాబ్దపు డచ్చి ఇళ్లలో నల్లని ఎబొనీ చెక్క ఫ్రేములు, లేదా ఎబొనీలా కనిపించే ముదురు రంగు ఫ్రేములు విరివిగా వాడేవారు. ఆ కాలపు ఇంటి దృశ్యాల చిత్రాల్లోనే గోడల మీద వాటిని చూడవచ్చు. వెర్మీర్‌కు, రెంబ్రాంట్‌కు అలాంటి వెడల్పాటి నల్ల మోల్డింగు (ఫ్రేము పట్టీ) పెట్టి, లోపలి అంచున సన్నని బంగారు గీత ఇస్తే చాలు. రెంబ్రాంట్ చిత్రం చిన్నదైపోతుందన్న మీ బెంగకు జవాబు కూడా ఇక్కడే ఉంది. చిత్రాన్ని అసలు కొలతలోనే ఉంచి, చుట్టూ పది సెంటీమీటర్ల నల్ల మోల్డింగు పెట్టించండి. గోడ మీద మొత్తం ఎత్తు నలభై రెండు సెంటీమీటర్ల పైన వస్తుంది, చూసేవాడు దగ్గరికి వచ్చి తొంగిచూస్తాడు. మోనాలిసాకు పల్చని, చదునైన ఇటాలియన్ తరహా బంగారు ఫ్రేము సరిపోతుంది; లూవ్ర్‌లో ఇప్పుడు దానికి ఉన్న పాత ఫ్రేము కూడా 1909లో ఒక కౌంటెస్ బహూకరించినదే, లియొనార్డో పెట్టినది కాదు. ఫ్రేముకూ చిత్రానికీ విడదీయరాని సంబంధం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. లండన్ నేషనల్ గ్యాలరీలో యాన్ వాన్ ఐక్ 1433లో వేసిన ఎర్ర తలపాగా మనిషి చిత్రానికి అసలు ఫ్రేమే మిగిలి ఉంది, చిత్రకారుడి పేరు, తేదీ, అతని నినాదం ఆ ఫ్రేము మీదే రాసి ఉన్నాయి. దాన్ని కోసేసి అమ్మే ప్రింట్లు సంతకం లేని ఉత్తరాన్ని అమ్ముతున్నట్టే.

ఫ్రేము చెక్కదా, థర్మకోల్ లాంటి ఫోముదా అన్నది వెనక్కి తిప్పి మూలలు చూస్తే తెలిసిపోతుంది. బంగారు రంగు ఇత్తడి పొడి కలిపిన పెయింటు అయితే కొన్నేళ్లకు గోధుమ, ఆకుపచ్చ రంగులకు తిరుగుతుంది. అంతకంటే మామూలు చెక్కకు మంచి నల్ల పాలిష్ ఎంతో నయం. వార్నిష్ వేసిన కాన్వాస్‌కు అద్దం అవసరం లేదు.

చేత్తో వేసిన నకలు తీసుకుంటే ఎలా ఉంటుందని చివర్లో అడిగారు. చైనాలో షెంజెన్ నగరంలోని దాఫెన్ లాంటి చోట్ల అలాంటివి పెద్ద ఎత్తున వేస్తారు. నిజమైన రంగు మందం, కుంచె కదలిక అందులో దొరుకుతాయి, ప్రింటులో అవి దొరకవు. కాని రూపచిత్రంలో పోలిక తప్పితే మిగతావన్నీ ఉన్నా ప్రయోజనం లేదు, పోలిక పట్టగల చేయి చవకగా దొరకదు. వేయిస్తే మాత్రం తల భాగం పూర్తికాగానే ఫొటో పంపమని ముందే మాట తీసుకోండి. లూవ్ర్‌లో కూర్చుని నకలు వేసేవారికి మ్యూజియం పెట్టే షరతుల్లో ఒకటి, నకలు కొలత అసలుకు సమానంగా ఉండకూడదన్నది. అది నకలును అసలుగా అమ్మకుండా పెట్టిన జాగ్రత్త. ప్రింటుకు ఆ భయం లేదు కాబట్టి మీరు అసలు కొలతలో నిశ్చింతగా వేయించుకోవచ్చు.

వేలాడదీసేటప్పుడు మూడింటి పై అంచులు ఒకే వరుసలో కలపాలని చూడకండి. మూడు ముఖాల్లోని కళ్లు దాదాపు ఒకే ఎత్తులో, నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా చూడండి. మోనాలిసాను మధ్యలో, వెర్మీర్‌ను ఒక పక్కన పెట్టి, రెంబ్రాంట్‌ను మీరు కూర్చుని చదివే కుర్చీకి దగ్గరగా పెట్టుకుంటే దాని చిన్నతనం అక్కరకు వస్తుంది; కూర్చుని చూసేదానికి ఎత్తు కొంత తగ్గించవచ్చు. దీపం 2700 నుంచి 3000 కెల్విన్ల వెచ్చని వెలుగు ఇచ్చేది, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి తగ్గనిది తీసుకుని, పై నుంచి కొంచెం ఏటవాలుగా పడేలా అమర్చండి. నేరుగా ఎండ పడే గోడ అయితే ఏ సిరా వాడినా ప్రయోజనం ఉండదు, గోడ మార్చండి. దుమ్ము పడితే మెత్తని పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ, అద్దాలు తుడిచే ద్రావణం రెండూ వార్నిష్‌ను పాడుచేస్తాయి.

ముందుగా రెంబ్రాంట్ ఒక్కదానికే టెస్ట్ ప్రింటు వేయించండి. ఆ కళ్లు మీ గోడ మీద కాస్త ఆలస్యంగానైనా కనిపిస్తే అదే షాపుకు మిగతా రెండూ ఇవ్వండి.